అంకెల్లేని వరుస

జూన్ తొమ్మిదో తేదీ ఉదయం తొమ్మిదిన్నరకు మా బోరు దగ్గర ఉన్న మనుషులు నలుగురు: నాయన, చిన్నాయన, రైల్వే మామ, నేను. ఉన్న వస్తువులు: రేకుల కప్పు వేసిన మోటరు కొట్టం ఒకటి. లోపల ఆటో స్టార్టరు పెట్టె ఒకటి. దాని పక్కన గోడకు బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో నా చిన్న కంప్యూటరు బోర్డు ఒకటి. కొట్టం బయట మూడు పైపులు, వాటికి కరెంటుతో తిరిగే వాల్వులు మూడు. నాయన చేతిలో పార. చిన్నాయన చేతిలో రెండడుగుల పైపు పానా. రైల్వే మామ చేతిలో ఏమీ లేదు. గుంతకల్లు వైపు ముప్పై ఏళ్లు పట్టాల మీద సమ్మెట కొట్టి రిటైరైన చేతులవి. వాటికి ఇంకే వస్తువూ అవసరం లేదు. కొట్టం తలుపుకు లోపలి వైపు, ప్లాస్టిక్ పొర వేయించి అతికించిన కాగితం ఒకటి. దాని మీద నేను రాసిన ప్రోగ్రాము. ఒకే వరుస, నూట తొంభై ఆరు గుర్తులు.

మోటరు నడుస్తోంది. నీళ్లు మా చీనీ తోటకు, అంటే బత్తాయి చెట్లకు, పోతున్నాయి. ఆ రోజు వంతు మాది కాదు, రైల్వే మామది. ముందు రోజు చిన్నాయనది. ఆ రోజు కూడా నీళ్లు మాకే వచ్చాయి.

మొదటి దెబ్బ డబ్బా మీద పడింది. చిన్నాయన కొట్టంలోకి వచ్చి పానా ఎత్తి కొట్టాడు. ప్లాస్టిక్ పగిలింది. రెండో దెబ్బకు బోర్డు రెండు ముక్కలైంది. మూడో దెబ్బ వైర్ల మీద పడి నిప్పురవ్వలు లేచాయి. మోటరు మాత్రం ఆగలేదు. దానికి నా బోర్డుతో సంబంధం లేదు. మూడు ఫేజుల కరెంటు రాగానే ఆటో స్టార్టరు దాన్ని తనంతట తానే ఎక్కిస్తుంది. నీళ్లు ఎవరి పైపులోకి పోవాలన్నది మాత్రమే నా బోర్డు పని.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి, లేకపోతే తర్వాతి దెబ్బలు ఎందుకు పడ్డాయో తెలియదు.

మా పల్లె గార్లదిన్నె మండలంలో ఉంది. ఆ బోరు ముగ్గురూ కలిసి వేయించింది. నాయనకు, చిన్నాయనకు చీనీ తోటలు, రైల్వే మామకు టమోటా. పగటిపూట కరెంటు ఉన్నంతసేపు నీళ్లు ఒకరికే పోతాయి, మర్నాడు ఇంకొకరికి. నేను చదువు ముగించుకుని బెంగళూరు కంపెనీ పని ఇంటి నుంచే చేయడం మొదలుపెట్టేదాకా ఈ వంతును ఒక రాయి చూసుకునేది. కొట్టం గోడ మీద మూడు గుంటలు చెక్కి ఉండేవి. సాయంత్రం వంతు అయిపోయిన మనిషి రాయిని తర్వాతి గుంటలోకి జరిపి, వాల్వు చేత్తో తిప్పి ఇంటికి పోవాలి. మరిచిపోతే గొడవ. గాలికి పడిందంటే గొడవ. ముగ్గురూ నోటితో తిట్టుకుని ఊరుకునేవాళ్లు. రాయి ఉన్న కాలంలో ఎవరి ఎముకా విరగలేదు. ఈ మాట నేను రాసుకోవలసిందే.

మార్చి ఆఖర్లో నేను రాయిని తీసేశాను. కరెంటు వాల్వులు బిగించి, చిన్న బోర్డు పెట్టి, లెక్క కుదిర్చాను. తేదీని మూడుతో భాగించాలి. ఒకటి మిగిలితే నాయన, రెండు మిగిలితే చిన్నాయన, ఏమీ మిగలకపోతే రైల్వే మామ. ముప్పై ఒకటో తేదీ ఎవరిదీ కాదు, ఆ రోజు నీళ్లు పశువుల తొట్టికి. ముగ్గురూ ఒప్పుకున్నారు. ఇంత చిన్న లెక్కకు నాలుగు తేలికైన వరుసలు చాలు. పదో తరగతి పిల్లకైనా అరగంటలో నేర్పవచ్చు.

నేను అలా రాయలేదు.

కాలేజీలో నాతో చదివిన నలుగురితో కలిసి ఫోన్లో ఒక గుంపు ఉంది. మాకొక ఆట. షెల్ అంటే కంప్యూటరుకు టైపు చేసి పనులు చెప్పే పద్ధతి. అందులో వారానికొక చిన్న పనిని వీలైనంత అర్థం కాకుండా రాయాలి. రెండో ఎక్కం అచ్చు వేయాలి, కానీ అక్షరం వాడకూడదు. వారం పేరు చెప్పాలి, కానీ ఖాళీ వదలకూడదు. మిగతావాళ్లు పావుగంటలో చదవలేకపోతే రాసినవాడు గెలిచినట్టు. తెర మీద తప్పు సందేశం ఒక్కటి పడినా ఓడినట్టు. ఆఫీసులో నేను రాసేదంతా శుభ్రంగా, ఎవరు చూసినా తెలిసేలా ఉండాలి, లేకపోతే వెనక్కి పంపిస్తారు. ఈ ఆటలో అది తలకిందులు. పగలంతా చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్న మనిషి సాయంత్రం చొక్కా విప్పితే ఎలా ఉంటుందో నాకు ఆ ఆట అలా ఉండేది.

వంతుల ప్రోగ్రాముకు నేను పెట్టుకున్న నియమం: ఒక్క అంకె కూడా వాడకూడదు. షెల్‌లో $# అని రాస్తే, దానికి మనమేమీ ఇవ్వనప్పుడు, సున్నా అవుతుంది. $((!$#)) అని రాస్తే ఒకటి. అలాంటివి మూడు కలిపితే మూడు. తేదీని మూడుతో భాగించేది, ముప్పై ఒకటిని పట్టుకునేది, వాల్వు నంబరు తేల్చేది, అన్నీ ఆ గుర్తులతోనే అల్లాను. ఆఖరున, ఏదైనా తప్పు సందేశం వస్తే అది ఎవరికీ కనబడకుండా పారేసే ముక్క ఒకటి తగిలించాను. రెండు వారాలు పట్టింది. గుంపులో ఎవరూ చదవలేకపోయారు. గెలిచాను. అదే వరుసను బోర్డులో పెట్టి, అచ్చు తీయించి, కొట్టం తలుపుకు అంటించాను. రైల్వే మామ దాన్ని చూసి, "ఏమప్పా, కోడి గెలికినట్ల ఉండాదే," అన్నాడు. నేను నవ్వాను.

ఏప్రిల్ ఎనిమిది, తొమ్మిది తేదీల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఉంది. ఎవరికీ నీళ్లు లేవు. మే నెలలో ఆ రెండు రోజులూ నేను బెంగళూరులో ఉన్నాను. పదో తేదీ వచ్చేసరికి చిన్నాయన మా ఇంటి ముందు నిలబడి ఉన్నాడు.

"నా వంతు నీళ్లు మీ తోటకు పోయినాయన్నా. మామది కూడా."

నాయన నన్ను చూశాడు. నేను కొట్టానికి వెళ్లి ప్రోగ్రామును మూడుసార్లు నడిపి చూశాను. పదో తేదీకి ఒకటి మిగలాలి, ఒకటి మిగిలింది. వాల్వు సరిగ్గా తెరుచుకుంది. వచ్చి, తప్పేమీ లేదన్నాను.

"నా కొడుకు రాసినాడు, తప్పుండదు," అన్నాడు నాయన. "వాల్వు కరుచుకోని ఉంటాది. నేను మాటిస్తాండా, నీ నీళ్లు నాకొద్దు."

నాయన మాట ఇచ్చాడంటే మా పల్లెలో దాని మీద ఇంకో మాట ఉండదు. చిన్నాయన తల ఊపి వెళ్లిపోయాడు. ఆయన తొంభై చీనీ చెట్లు ఆ ఏడే మొదటి కాపుకు వచ్చాయి. గోళీలంత కాయలున్నాయి. ఆ ఎండలకు ఒక్క తడి తప్పితే కాయ రాలుతుంది. ఒక తడి తప్పింది, కాయ రాలింది. జూన్ ఎనిమిదిన మళ్లీ తప్పింది. ఆ సాయంత్రం ఆయన తలుపు మీది కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి, అనంతపురంలో కంప్యూటరు సెంటరు నడిపే అతనికి పంపించాడు. తొమ్మిదో తేదీ పొద్దున్నే జవాబు వచ్చింది. ఆ జవాబు విన్నాకే పానా తీసుకుని బయలుదేరాడు.

బోర్డు ముక్కలైన తర్వాత చిన్నాయన నన్ను చూశాడు. ఊపిరి ఎగబోస్తున్నాడు.

"ఆయప్ప ఏమన్నాడో తెల్సునా? ఇది కావాలనే ఎవురికీ తెలీకుండా రాసినారు, ఇట్ల రాసేకి ఏ పనీ లేదు, ఏందో దాచినారు అన్నాడు. చెప్పు. ఎందుకు రాసినావు ఇట్ల?"

నా దగ్గర ఒకే జవాబు ఉంది, అది నిజం.

"సరదాకు చిన్నాయనా."

తర్వాత రైల్వే మామ నా మెడ పట్టుకున్నాడు. వెనక నుంచి, ఒక్క చేత్తో. నన్ను అలాగే ఎత్తినట్టు తీసుకెళ్లి మొహాన్ని తలుపుకేసి కొట్టాడు. ముక్కులో ఏదో చిట్లింది. రక్తం కాగితం మీది ప్లాస్టిక్ పొర మీద పడి జారింది.

"సదువు," అన్నాడు. "నువ్వే రాసినావు గదా. ఒగొగటే సదివి అర్థం చెప్పు. యాడ దాచినావో నాకు కనపడల్ల."

"విడువప్పా వాన్ని!" అని నాయన పార ఎత్తి వచ్చాడు. పారతో మామను కొట్టాలని కాదు, అడ్డం పెట్టి నన్ను లాక్కోవాలని. ఇది నేను తర్వాత ఊహించుకున్నది. తలుపు వైపు తిరిగి ఉన్న నాకు నీడలు మాత్రమే కనిపించాయి. చిన్నాయనకు మాత్రం మామ మీదికి పార లేవడం కనిపించింది. పానా బలంగా ఊపాడు. అది నాయన ఎడమ కణతకు పైన తగిలింది. పుచ్చకాయ రాయి మీద పడిన చప్పుడు. నాయన రెండడుగులు వెనక్కి పోయి, స్టార్టరు పెట్టెకు ఆనుకుని, మళ్లీ లేచాడు.

"మాటిస్తివే," అన్నాడు చిన్నాయన. "నీ నీళ్లు నాకొద్దంటివే! దొంగనా కొడకా, నా చెట్లు సంపి నీ చెట్లు పెంచుకుంటాండావే!"

ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లు ఆ తిట్టు తిట్టుకుంటే అది ఎవరికి తగులుతుందో ఇద్దరికీ ఆ పూట పట్టలేదు.

నేను చదవడం మొదలుపెట్టాను.

నేను రాసిన వరుసను నేనే చదవలేకపోయాను. దీన్ని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మొదటి ముక్క సున్నా. రెండోది ఒకటి. మూడోది, ఒకటికి ఒకటి కలిపి, దాన్ని మళ్లీ ఎడమకు జరిపి, అంటే రెట్టింపు చేసి... ఎందుకు జరిపానో గుర్తు లేదు. మార్చిలో ఈ ముక్క దగ్గర నేను చేతులు రుద్దుకుని నవ్విన సంగతి గుర్తుంది, దాని అర్థం గుర్తు లేదు. గుర్తుల మీద రక్తం ఉంది. బొటనవేలితో తుడిచాను. ఇంకా పులుముకుపోయింది.

"సదువుతాండావా, ఏడుస్తాండావా?" మామ ఇంకోసారి కొట్టాడు. ఈసారి పై పెదవి పళ్లకు తగిలి తెగింది.

నా వెనక పార దెబ్బ పడింది. పదును కాదు, వెనక వైపు. నాయన పారను తిప్పి పట్టుకుని చిన్నాయన మెడకూ భుజానికీ మధ్య కొట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. చిన్నాయన అరవలేదు. కుడి చేయి కిందికి వేలాడింది, పానా జారి నేల మీద పడింది. ఎడమ చేత్తో దాన్ని తీసుకుని నాయన మోకాలి మీద కొట్టాడు. నాయన కూలబడ్డాడు. చిన్నాయన ఆయన మీద పడ్డాడు. ఇద్దరూ గుమ్మం దాటి బయట పైపుల దగ్గర తడి మట్టిలో దొర్లుతూ ఒకరి మొహం ఒకరు మట్టిలోకి నొక్కుతున్నారు. ఆ మట్టి తడిసింది వాల్వు దగ్గర కారే నీళ్లతో. ఆ వాల్వును బిగించింది నేనే.

వరుసలో నలభయ్యో యాభయ్యో గుర్తు దగ్గర తేదీ ఉంది. గడియారం నుంచి తేదీ తెచ్చి మూడుతో భాగించే చోటు. అక్కడ ఆగాను.

"మామా, ఈ పొద్దు తేదీ ఎంత?"

"నాతో ఎకసక్కాలాడుతాండావా?"

"ఎంత మామా? చెప్పు."

"తొమ్మిది."

"నిన్న ఎనిమిది."

"తొమ్మిదికి ముందర ఎనిమిదే గదరా నా కొడకా!"

షెల్‌కు ఒక పాత అలవాటు ఉంది. సున్నాతో మొదలైన సంఖ్యను అది ఎనిమిదుల లెక్కలో చదువుతుంది. ఆ లెక్కలో ఉన్న అంకెలు సున్నా నుంచి ఏడు దాకానే. గడియారం తేదీని ఎప్పుడూ రెండంకెల్లో ఇస్తుంది: 01, 02, 03. ఏడు దాకా ఇబ్బంది లేదు. 08 రాగానే, ఇదసలు సంఖ్యే కాదని చెప్పి షెల్ పని ఆపేస్తుంది. 09 వచ్చినా అంతే. పదో తేదీ నుంచి మళ్లీ మామూలే. పని ఆగిందని అది చెప్పబోయిన మాటను నేనే పారేయించాను, గుంపులో ఓడిపోకూడదని. వాల్వులు ముందు రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉండిపోతాయి. ముందు రోజు అంటే ఏడో తేదీ. ఏడును మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. ఒకటి అంటే నాయన.

షెల్‌కున్న ఈ అలవాటు తెలిసిన ఏ కుర్రవాడైనా నాలుగు వరుసల ప్రోగ్రాములో దీన్ని ఒక్క చూపులో పట్టుకునేవాడు. నేనైనా పట్టుకునేవాణ్ని. అంకెలు వాడకూడదన్న పట్టుదలలో, వచ్చే అంకె ఎలా ఉంటుందో చూడలేదు.

మామకు చెప్పాను. పెదవి వాచి మాటలు సరిగ్గా రాలేదు. ఆయన చేయి నా మెడ మీద అలాగే ఉంది.

"అంటే ఎనిమిది, తొమ్మిది నీ మిషనుకు తెలీవు."

"సున్నా ముందరుంటే తెలీవు మామా."

"పద్దెనిమిది?"

"తెల్సు. దాని ముందర సున్నా ల్యాదు."

"ప్రతి నెలా ఈ రెండు దినాలు మీకే పోతాయి."

"పోతాయి."

"మీ నాయనకు తెల్సునా?"

"తెలీదు. నాకే తెలీదు."

ఆయన నా మెడ వదిలాడు. కొట్టం బయటికి వెళ్లి, బురదలో ఉన్న ఇద్దరి మధ్య వంగి, నాయనను నడుం దగ్గర పట్టి పక్కకు లాగాడు. "ఆగండప్పా," అన్నాడు. "దొంగతనం కాదు. నీ కొడుకు తప్పు రాసినాడు."

నాయన లేచి నిలబడ్డాడు. మొహం సగం మట్టి, సగం రక్తం. చిన్నాయన లేవలేదు. భుజం పట్టుకుని, కాళ్లు చాపి, మట్టిలోనే కూర్చున్నాడు. మెడ కింద చర్మాన్ని లోపలి నుంచి ఎముక పైకి పొడుస్తోంది.

"నిజమేనా?" అని నాయన నన్ను అడిగాడు.

"నిజమే నాయనా."

"నెల కిందట తప్పు ల్యాదంటివే."

"పదో తేదీ చూస్తి. ఆ పొద్దు సరిగ్గానే నడిచె."

"ఎనిమిదో తేదీ నడుస్తాదో లేదో చూడల్లని తోచల్యా?"

"తోచల్యా."

"నేను మాటిస్తినే," అన్నాడు. చిన్నగా, దాదాపు నాకు మాత్రమే వినబడేలా. "నీ నోరు నమ్మి నేను మాటిస్తినే. దానికి నా తమ్ముని ఎముక ఇరగ్గొడ్తినే."

కొట్టం పక్కన నల్ల ప్లాస్టిక్ పైపు ముక్కలు పడి ఉంటాయి. మూడడుగుల ముక్క తీసుకున్నాడు. నాకు ఇరవై ఆరేళ్లు. ఎనిమిదో తరగతి తర్వాత నాయన నన్ను కొట్టలేదు. మొదటి దెబ్బ వీపు మీద, రెండోది చేతుల మీద, మూడోది చెవి మీద. తర్వాత నేను తలుపు పక్కన ముడుచుకుని కూర్చున్నాను. కాళ్లు, వీపు, మళ్లీ కాళ్లు. ఎవరూ ఆపలేదు. రైల్వే మామ మాకు వీపు పెట్టి, మా వాల్వు చేత్తో మూసి, తన వాల్వు తెరుస్తున్నాడు. మార్చి నుంచి వాడని చేతిపిడి కిర్రుమంటోంది. చిన్నాయన చూస్తున్నాడు. నేను ఆయన మొహంలోకి చూశాను, చాలు అంటాడేమోనని. అనలేదు. రక్తానికి చేయి జారి పైపు ఎగిరిపోయాక నాయన ఆగాడు. ఆగి, తమ్ముడి ఎదురుగా బురదలో కూర్చున్నాడు.

అనంతపురం ఆసుపత్రికి మామ జీపులో తీసుకెళ్లాడు. జీపు గుంతలో పడ్డప్పుడల్లా చిన్నాయన పళ్లు బిగించిన చప్పుడు వినిపించేది. డాక్టరు కాగితం తీసి, ఎలా తగిలిందని అడిగాడు.

"మోటరు గుంతలో పడితి సార్," అన్నాడు చిన్నాయన.

"మీరు?"

"నేనూ ఆడే పడితి," అన్నాడు నాయన.

డాక్టరు నా వైపు తిరిగాడు. నా ముక్కు, పెదవి, చేతుల మీద పొంగిన చారలు చూశాడు.

"ముగ్గురూ ఒకే గుంతలోనా?"

"పెద్ద గుంత సార్," అన్నాడు వెనక నిలబడ్డ మామ.

కేసు రాయలేదు. నాయన కణతకు ఏడు కుట్లు, నా పెదవికి రెండు. చిన్నాయన మెడ కింది ఎముక రెండుగా విరిగింది. రెండు భుజాలూ వెనక్కి లాగి పట్టీ కట్టారు. ఏడెనిమిది వారాలు చేయి ఎత్తకూడదన్నారు.

ఆ రాత్రి గుంపులో నా వరుసను మళ్లీ పెట్టి, ఇందులో ఒక తప్పుంది, కనుక్కోండి అని రాశాను. ఎందుకు పెట్టానో తెలియదు. అర్థం చేసుకోలేక ఓడిపోయిన వాళ్లలోనే ఒకడు, ఈసారి తప్పుందని తెలిసి వెతికాడు కాబట్టి, నాలుగు నిమిషాల్లో జవాబిచ్చాడు: ఎనిమిదో తేదీ ఏం చేస్తావురా? కింద నవ్వే బొమ్మలు ఐదు. మరొకడు, ఈ నెల బహుమతి నీదే అన్నాడు. ఫోను బోర్లా పెట్టాను. పెదవి కుట్ల దగ్గర మళ్లీ రక్తం ఊరింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కొట్లాటలో ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటి మనిషి చేయి విరగ్గొడితే, ఆ చేయి అతుక్కునేదాకా తమ ఇంటి నుంచి ఒక చేయి పంపాలి. డబ్బుతో తీరదు, కూలిమనిషిని పెట్టినా ఒప్పరు. ఇంటి మనిషే పోవాలి. పట్టీతో ఇంటికి వచ్చిన మర్నాడు చిన్నాయన కబురు పంపలేదు, తానే వచ్చాడు. గడప ఎక్కలేదు.

"చెయ్యి పంపించన్నా," అన్నాడు.

"నేనే వస్తా," అన్నాడు నాయన. మోకాలు వాచి ఆయన గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వు కాదు. ఇరగ్గొట్టింది నువ్వే, కానీ ఇరిగింది వాని వల్ల. వాన్ని పంపు."

పదకొండో తేదీ చిన్నాయన వంతు. ఆఫీసుకు సెలవు పెట్టి, పార తీసుకుని వెళ్లాను. కొట్టంలో గోడ మీద మళ్లీ రాయి ఉంది, మామ పెట్టాడు; ముప్పై ఒకటో తేదీ మాత్రం ఇంకా తొట్టికే. చిన్నాయన తోటలో నులక మంచం వేసుకుని, భుజాలు వెనక్కి కట్టించుకుని, కదలకుండా కూర్చుని ఉన్నాడు. చెట్ల కింద రాలిన కాయలు నల్లబడి ఉన్నాయి. నాకు నీళ్లు కట్టడం చిన్నప్పుడు వచ్చు, ఇప్పుడు మరిచిపోయాను. కాలువలో వచ్చే నీళ్లను పారతో మట్టి వేసి ఒక పాదులోకి మళ్లించి, నిండగానే ఆ అడ్డు తెంచి, తర్వాతి పాదులోకి వదలాలి. ఆలస్యమైతే గట్టు తెగుతుంది.

మూడో పాదు దగ్గర తెగింది. మంచం మీది నుంచి మట్టిపెడ్డ వచ్చి నా వీపు మీద, నాయన కొట్టిన చారల మీద పగిలింది. ఎడమ చేత్తో విసిరినా గురి తప్పలేదు.

"తెగుతాంటే చూస్తాండావే! అడ్డమెయ్!"

వేశాను. అయిదో పాదు దగ్గర ఇంకోటి, ఈసారి రాయి. పిక్క మీద తగిలి చర్మం లేచింది.

"సరదాగుండాదా?"

పిక్క తుడుచుకుని మట్టి ఎత్తాను.

"అడుగుతాండా. సరదాగుండాదా?"

"ల్యాదు చిన్నాయనా."

"మరి సూడు. నువ్వు సరదాకు చేసేది నాకు సరదాగా ల్యాకపాయె. నేను సరదాకు కొట్టేది నీకు సరదాగా ల్యాకపాయె."

సాయంత్రం కరెంటు పోయేసరికి తొంభైలో డెబ్బై రెండు పాదులు తడిశాయి. నా అరచేతుల్లో బొబ్బలు చిట్లి పార పిడి జిగటగా ఉంది. చిన్నాయన కూతురు చెంబుతో నీళ్లు తెస్తే, "వానికి పాదుకాడ పెట్టు, చేతికియ్యొద్దు," అన్నాడు. పాదు దగ్గర పెట్టింది. తాగాను.

ఆ తర్వాత వంతుల్లో పెడ్డలు తగ్గాయి, తిట్లు తగ్గలేదు. జూన్ ఆఖరు వంతు రోజు ఉన్నట్టుండి, "ఆ తొమ్మిది, సున్నా తొమ్మిది, అదేందో మళ్లీ చెప్పు," అన్నాడు. నీళ్లు కడుతూనే చెప్పాను. ఆయన విని, కాలువ వైపు తిరిగాడు.

"ఒగ నెల, ముప్పై దినాలు, రోజూ పొద్దున్నే వచ్చి వాల్వు దగ్గర నిలబడి చూసింటే తెలిసిండేది," అన్నాడు. "అంతే గదా?"

"అంతే చిన్నాయనా."

"నిలబడ్లేకపోతివి."

పార గట్టిగా పొడిచి ఆ పాదు తెంచాను, తర్వాతిది వదిలాను.

జూలైలో రెండు వంతులు వానతో తప్పాయి. ఒకరోజు నాయన కుంటుకుంటూ తోట గట్టు దాకా వచ్చి నిలబడ్డాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. నాయన కణత మీద కుట్ల గుర్తు ఎర్రగా ఉంది. చిన్నాయన మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు. నాయన వచ్చి కూర్చోలేదు. అలాగని వెళ్లిపోనూ లేదు. నేను చివరి పాదు కట్టేదాకా గట్టు మీదే నిలబడి, తర్వాత నాతో కలిసి ఇంటికి నడిచాడు. దారిలో నా చెవి వైపు ఒకసారి చూశాడు. దానికి ఇంకా సరిగ్గా వినిపించడం లేదు.

ఆగస్టు రెండో తేదీ వెళ్లేసరికి చిన్నాయన పట్టీ లేకుండా కాలువ గట్టు మీద నిలబడి ఉన్నాడు. కుడి చేయి నెమ్మదిగా భుజం దాకా ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. ఎముక అతుక్కున్న చోట చర్మం కింద ఒక ముడి ఉంది. ఆ రోజు మొత్తం నన్నే కట్టనిచ్చాడు, పక్కనే నడుస్తూ. ఒక్క పాదూ తెగలేదు. కరెంటు పోయాక నా చేతిలోంచి పార లాక్కున్నాడు. లాక్కునేటప్పుడు పిడి చివర నా దవడకు తగిలింది. కావాలనే తగిలించాడో లేదో నేను అడగలేదు.

"ఇంక పో," అన్నాడు.

పదహారు వంతులు.